పని మానుకోలేని పురుషుని చెంతకు వైద్యుడు చేరేదెలా?

నిరుపేద పురుషుల ఆరోగ్యంలో అంతరాలు – కుటుంబ వైద్యుని పాత్ర

(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ: ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు సెలవిచ్చారు. ఆ భాగ్యం దక్కే తీరులో మాత్రం వాడకూ వాడకూ, వృత్తికీ వృత్తికీ తేడా ఉన్నది. ఒకే ఊరిలో ఒకే వయసు గల ఇద్దరు పురుషులలో ఒకరు ఏటేటా పరీక్షలు చేయించుకుంటూ క్రమం తప్పక మందులు వాడుతుండగా, మరొకరు పక్షవాతం వచ్చి పడిపోయిన నాడు గానీ తనకు రక్తపోటు ఉన్న సంగతి తెలుసుకోలేకపోతున్నారు. ఈ రెండవ వ్యక్తి చాలా సందర్భాలలో హమాలీయో, ఆటో డ్రైవరో, కౌలు రైతో, తాపీ పని కూలీయో అయి ఉంటాడు. ఇటువంటి వారి వద్దకు వైద్యం ఎందుకు చేరడం లేదు, ప్రాథమిక స్థాయిలో పనిచేసే వైద్యుడు ఈ విషయంలో ఏమి చేయగలడు అన్న అంశాలను పాత్రికేయ మిత్రులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కొన్ని గణాంకాలు. నమూనా నమోదు పద్ధతి (ఎస్.ఆర్.ఎస్.) అంచనాల ప్రకారం 2016-20 కాలానికి దేశంలో స్త్రీల సగటు ఆయుర్దాయం 71.4 సంవత్సరాలు కాగా పురుషులది 68.6 సంవత్సరాలు. ఈ తేడాను ప్రకృతి సహజమని తోసిపుచ్చడం పరిపాటి. అయితే ఇందులో కొంత భాగం పొగాకు, మద్యం, ప్రమాదాలు, ఆలస్యంగా అందిన చికిత్స కారణంగా ఏర్పడినదే. 2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడిన పురుషులలో అధిక రక్తపోటు ఉన్నవారు లేదా దానికి మందులు వాడుతున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 31.4 శాతం. స్త్రీలలో ఈ సంఖ్య వరుసగా 25.3, 26.1 శాతం. పొగాకు వాడే పురుషులు ఆంధ్రప్రదేశ్‌లో 22.6 శాతం, తెలంగాణలో 22.3 శాతం. మద్యం సేవించే పురుషులు ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం ఉండగా తెలంగాణలో 43.3 శాతంగా నమోదైనది. చదువు, ఆదాయం తగ్గే కొద్దీ పొగాకు వాడకం పెరుగుతుందన్నది దేశమంతటా కనిపించే వాస్తవం.

మరొక గణాంకం మరింత బాధాకరమైనది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది బలవన్మరణం చెందగా, ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు పురుషులే. మొత్తం మృతులలో వృత్తి రీత్యా అన్నిటికంటె పెద్ద వర్గం దినసరి కూలీలది, 42,004 మంది. రైతు మరణాల గురించి పత్రికలలో, చట్టసభలలో చర్చ జరుగుతున్నది. అది అవసరమే. అడ్డా మీద నిలబడే కూలీ గురించి అంతటి చర్చ జరిగిన దాఖలా లేదు.

పురుషుల ఆరోగ్యం గురించి మాట్లాడటమంటే స్త్రీల కార్యక్రమాలకు కోత పెట్టమని అర్థం కాదు. అదే ఐదవ సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉండగా పురుషులలో 25 శాతం మందికి ఉన్నది. స్త్రీకి తన ఇంట్లోనే తిండి చివర దక్కుతున్న సంగతి ఎవరికీ తెలియనిది కాదు. అయితే ఇంటి యజమాని నలభై ఐదవ ఏట మంచం పట్టినచో ఆ భారం మోయవలసింది కూడా ఆ ఇల్లాలే. కాబట్టి ఈ రెండు అంశాలను త్రాసులో ఎదురెదురుగా పెట్టవలసిన అవసరం లేదు.

శిబిరంలో కనిపించని వారు

ఈ వ్యాసకర్త పౌర సంబంధాల విధులలో భాగంగా జన్మభూమి కాలం నుంచి అనేక వైద్య శిబిరాలకు హాజరవడం జరిగినది. షామియానా కింద వరుసలో నిలబడేవారిలో అత్యధికులు స్త్రీలు, వృద్ధులు, పిల్లలు. ముప్పై నుంచి యాభై ఐదు ఏళ్ల పురుషులు ఉంటే గింటే శిబిరానికి కుర్చీలు మోసినవారు, మైకు పెట్టినవారు, నాయకుల వెంట వచ్చినవారు. ఆ సాయంత్రం మేము విడుదల చేసిన పత్రికా ప్రకటనలో మాత్రం ఇంతమందికి పరీక్షలు నిర్వహించి ఉచితంగా మందులు పంపిణీ చేశారని మొత్తం సంఖ్య ఒక్కటే ఉండేది. అందులో పనిచేసే వయసు పురుషులు ఎందరని ఏ విలేకరీ అడగలేదు, మేమూ చెప్పలేదు. మా వైపు నుంచి జరిగిన ఈ లోపాన్ని ఇక్కడ అంగీకరించడం సముచితం.

వారు రాకపోవడానికి కారణం నిర్లక్ష్యమేనని చెప్పడం తేలిక. వైద్యం ఉచితమైనా ఆ రోజు కూలి ఉచితం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బయటి రోగులను చూసే సమయమూ, అడ్డా మీద మేస్త్రీ కూలీలను ఎంపిక చేసుకునే సమయమూ ఒక్కటే. ఒక పూట పోయినచో ఆ రోజు మొత్తం పోయినట్లే. రక్తపోటు వంటి వ్యాధి నొప్పి పెట్టదు. నొప్పి లేని జబ్బు కోసం రోజు కూలి వదులుకునే స్తోమత అందరికీ ఉండదు. దీనికి తోడు మగవాడు ఓర్చుకోవాలన్న భావన ఒకటి చిన్ననాటి నుంచే నూరిపోయబడుతున్నది.

2022 మార్చి 24న విడుదలైన జాతీయ క్షయ వ్యాప్తి సర్వే నివేదిక ఈ సందర్భంలో గమనార్హం. క్షయ లక్షణాలున్న వారిలో దాదాపు 64 శాతం మంది అసలు వైద్యం కోసమే వెళ్లలేదని ఆ సర్వేలో తేలినది. వెళ్లకపోవడానికి ఖర్చు భరించలేకపోవడం కారణమని చెప్పినవారు బహు స్వల్పం; లక్షణాలను పట్టించుకోలేదని చెప్పినవారే అత్యధికులు. క్షయ పురుషులలోనే ఎక్కువ.

మరి జ్వరం, నడుము నొప్పి వచ్చిన కూలీ ఎక్కడికి వెళ్తున్నాడు? ఊరిలోని ఆర్.ఎం.పి. వద్దకు. అర్హత లేని వైద్యం వల్ల కలిగే అనర్థాలపై శాఖాపరంగా ఎన్నో ప్రకటనలు వెలువడ్డాయి, వాటిని తప్పుపట్టే పని లేదు. కానీ ఆర్.ఎం.పి. వద్ద ఏమి దొరుకుతున్నదో కూడా గమనించాలి. రాత్రి తొమ్మిది గంటలకైనా తలుపు తెరిచి ఉంటుంది. అరువు ఇస్తాడు. పేరు పెట్టి పిలుస్తాడు. అవసరమైతే ఇంటికి వస్తాడు. స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు, అనవసరపు సెలైన్లు ఇవ్వడం మినహాయించినట్లయితే, కుటుంబ వైద్యుని నుంచి ప్రపంచంలో ఎక్కడైనా ఆశించేది ఇదే.

మన రాష్ట్రాలలో కుటుంబ వైద్యుడు ఎవరు?

పాశ్చాత్య దేశాలలో వలె ప్రతి కుటుంబం పేరూ ఒక వైద్యుని జాబితాలో నమోదయ్యే పద్ధతి మన వద్ద లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి, పట్టణ ఆరోగ్య కేంద్రం వైద్యుడు, తెలంగాణలో 2018 ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌లో ప్రారంభమైన బస్తీ దవాఖానాల వైద్యులు, వీధి చివర చిన్న క్లినిక్ నడిపే ఎం.బి.బి.ఎస్. వైద్యుడు – వీరే ఆ పాత్రకు అతి చేరువలో ఉన్నవారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని లాంఛనంగా ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఇద్దరు వైద్యులలో ఒకరు కేంద్రంలో ఉండగా మరొకరు 104 సంచార వాహనంతో పాటు గ్రామానికి నెలకు రెండు పర్యాయాలు వెళ్లాలన్నది అప్పటి ఏర్పాటు. ఉదయం గ్రామంలో రోగులను చూడటం, మధ్యాహ్నం మంచాన పడిన వారి ఇళ్లకు, అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వెళ్లడం అందులోని భాగాలు. ఒకే వైద్యుడు ఒకే గ్రామానికి మళ్లీ మళ్లీ రావడం మేలైన ఆలోచన. అయితే ఉదయం తొమ్మిది తరువాత వచ్చే వాహనానికి పొలం పోయిన మనిషి, లోడు ఎత్తబోయిన మనిషి దొరకరు. ప్రభుత్వాలు మారవచ్చు, పథకాల పేర్లు మారవచ్చు. గడియారం సమస్య మాత్రం అలాగే నిలిచి ఉన్నది.

గ్లిన్‌కోరగ్ గ్రామ అనుభవం

ఈ సమస్యకు ఒక వైద్యుడు తన జీవితకాలాన్ని వెచ్చించిన ఉదాహరణ ఒకటి కలదు. బ్రిటన్‌లోని దక్షిణ వేల్స్ ప్రాంతంలో గ్లిన్‌కోరగ్ అనే బొగ్గు గని గ్రామానికి 1961లో డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ కుటుంబ వైద్యునిగా వెళ్లారు. సుమారు రెండు వేల జనాభా. గనులలో పనిచేసే పురుషులు, మూతపడుతున్న గనులు, నిరుద్యోగం. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతున్నదని, మార్కెట్ శక్తుల ప్రభావం ఎక్కువగా ఉన్నచోట ఈ వైపరీత్యం మరింత తీవ్రంగా ఉంటుందని ఆయన 1971లో లాన్సెట్ పత్రికలో వ్రాశారు. దీనికి ఆయన విలోమ సంరక్షణ సూత్రం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ వ్యాసం నేటికీ ప్రజారోగ్య విద్యార్థులకు పాఠ్యాంశమే.

వ్యాసం కంటె ఆయన చేసిన పని మన అధికారులకు ఎక్కువ ఉపయోగకరం. గ్రామంలోని వయోజనులందరి రక్తపోటూ కొలవాలని ఆయన సంకల్పించారు. ఇందుకు ప్రత్యేక శిబిరాలేవీ పెట్టలేదు. దగ్గుకు వచ్చినా, వేలు తెగి వచ్చినా, ధ్రువపత్రం కోసం వచ్చినా, వచ్చిన ప్రతి వ్యక్తికీ రక్తపోటు చూసి చీటీలో వ్రాసేవారు. కొన్నేళ్లకు జాబితాలో మిగిలిపోయిన వారి పేర్లు కొద్దిగా తేలాయి. అప్పుడు ఆ కొద్దిమంది కోసం ప్రత్యేకంగా ప్రయత్నించారు. ఎప్పుడూ రాని మనిషి ఆరోగ్యవంతుడనుకోవడం పొరపాటని, రానివారి పట్టికే వైద్యునికి అన్నిటికంటె ముఖ్యమైన పట్టిక అని ఈ పని తెలియజేస్తున్నది. పాతిక సంవత్సరాల ఫలితాలను ఆయన, సహచరులు 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. అటువంటిదే అయిన పొరుగు గ్రామంతో పోల్చినపుడు గ్లిన్‌కోరగ్‌లో అకాల మరణాలు తక్కువగా ఉన్నట్లు అందులో వెల్లడైనది. అక్కడ కొత్త మందులూ లేవు, పెద్ద ఆసుపత్రీ లేదు.

మన దేశంలో 30 ఏళ్లు నిండిన వారందరికీ రక్తపోటు, మధుమేహం, నోటి క్యాన్సర్ తదితర పరీక్షలు జరపాలన్న జాతీయ కార్యక్రమం అమలులో ఉన్నది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్తున్నారు. వారు వెళ్లే వేళకు ఇంట్లో ఉండేది ఎవరో వేరుగా చెప్పనవసరం లేదు. కాబట్టి రానివారి పట్టిక మన కేంద్రాలలో కూడా తయారు కావలసి ఉన్నది. ఆ పట్టికను వైద్యాధికారి నెలకొకసారి స్వయంగా చూడవలసి ఉన్నది.

కొన్నేళ్ల క్రితం ఒక మండల కేంద్రంలో కళ్లారా చూసిన సంఘటన ఒకటి ఇక్కడ ప్రస్తావించడం అప్రస్తుతం కాదు. గర్భవతి అయిన భార్యను ఒక ఆటో డ్రైవరు పరీక్షకు తీసుకువచ్చాడు. ఆమెను చూసిన తరువాత వైద్యురాలు, “మీరు కూడా ఇలా కూర్చోండి, చేయి చాపండి” అన్నారు. “నాకేం లేదమ్మా, బండి రోడ్డు మీద పెట్టొచ్చా” అంటూనే అతడు కూర్చున్నాడు. రీడింగు 180కి పైన ఉన్నది. వయసు ముప్పై ఎనిమిది. వైద్యురాలు అతడిని మందలించలేదు. ఏ వేళకు స్టాండులో బేరాలు తక్కువగా ఉంటాయని అడిగి, ఆ వేళకే మళ్లీ రమ్మన్నారు. నెల తరువాత అతడు వచ్చాడని, వెంట మరో ఇద్దరు డ్రైవర్లను తెచ్చాడని అక్కడి సిబ్బంది తెలియజేశారు.

“ఏం పని చేస్తుంటావు పెద్దయ్యా?”

ఇటలీకి చెందిన వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700 సంవత్సరంలో ప్రచురించిన వృత్తి రోగాల గ్రంథంలో, రోగిని వైద్యుడు అడిగే ప్రశ్నలకు మరొక ప్రశ్న చేర్చాలని సూచించారు: నీవు ఏ పని చేస్తావు? మూడు శతాబ్దాలు గడిచినా మన బయటి రోగుల చీటీలో పేరు, వయసు, లింగం, ఊరు ఉంటాయి గానీ వృత్తికి గడి ఉండటం అరుదు.

ఈ ప్రశ్న లేకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. రాతి క్వారీలో, క్రషర్ వద్ద, పలకల పరిశ్రమలో పనిచేసిన వ్యక్తి దగ్గుతో వచ్చినపుడు క్షయ అని భావించి మందులు ఇవ్వడం, తగ్గకపోతే మళ్లీ అవే మందులు ఇవ్వడం జరుగుతుంటుంది. రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ ఎక్స్‌రేలో క్షయను పోలి ఉంటుంది. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం అధికం. వ్యాధిని సరిగా గుర్తించి కాగితం మీద వ్రాసిన నాడే ఆ కార్మికునికి నష్టపరిహారం అడిగే హక్కు నిజంగా ఏర్పడుతుంది. తాటి చెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుడు, మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చునే నేతన్న, మురుగు కాలువ శుభ్రపరిచే కార్మికుడు – ఒక్కొక్కరి దేహం ఒక్కొక్క తీరుగా అరుగుతున్నది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడి తోటల మధ్య కొన్ని దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి ప్రబలి ఉన్నది. మధుమేహం గానీ, ఇతరత్రా తెలిసిన కారణం గానీ లేనివారికి కూడా ఇది రావడం దీని విశేషం. ఎండలో శ్రమించే వ్యవసాయ కూలీ కుటుంబాలకు, అందునా పురుషులకు ఈ వ్యాధి తాకిడి అధికం. కారణం ఇదమిత్థమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. నీరు, వేడిమి, శరీరంలో నీటి కొరత, నొప్పి మాత్రల వాడకం వంటి అనేక అంశాలు పరిశోధనలో ఉన్నాయి. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే సమయంలో ఉపరితల జలాలను అందించే భారీ మంచినీటి పథకం కూడా ప్రారంభమైనది.

పెద్ద ఆసుపత్రి, మంచినీరు రెండూ అవసరమైనవే. అయితే ఉద్దానంలో కూలీ మనిషి తొలిదశలో ఆ ఆసుపత్రికి రాడు. ఈ వ్యాధి చాలా కాలం లక్షణాలు చూపదు. కాళ్లవాపు, ఆయాసం కనిపించేసరికి మూత్రపిండాలు చాలా భాగం దెబ్బతిని ఉంటాయి. తోటలో పని ముగించుకుని ఒళ్లు నొప్పులని వచ్చిన ముప్పై ఐదేళ్ల వ్యక్తికి నొప్పి మాత్ర ఇచ్చి పంపుతారా, లేక సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించి, నొప్పి మాత్రలు మానమని వివరిస్తారా అన్నది ప్రాథమిక స్థాయి వైద్యుని చేతిలోని నిర్ణయం. ఆ ఒక్క నిర్ణయం కొందరి విషయంలో డయాలసిస్‌ను కొన్నేళ్ల పాటు వాయిదా వేయగలదు. డయాలసిస్ చేయించుకునే వ్యక్తి వారానికి రెండు మూడు రోజులు అందుకే కేటాయించాలి. కూలి పనికి వెళ్లడం దాదాపు అసాధ్యం. ఇంట్లో తండ్రి తరువాత కొడుకు కూడా ఈ వ్యాధి బారిన పడిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి.

మద్యం గురించి అడిగే పద్ధతి

“తాగుతావా?” అని వైద్యుడు గద్దించి అడిగితే సమాధానం “లేదండి” అనే వస్తుంది. ఆ మాటతో సంభాషణ ముగిసిపోతుంది. మద్యపాన స్థాయిని తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక 1989 నుంచి అందుబాటులో ఉన్నది. వారానికి ఎన్నిసార్లు, ఒక్కసారి కూర్చుంటే ఎంత అన్న తీరులో, ఉప్పు ఎంత వాడతారని అడిగినంత మామూలుగా అడగడం అందులోని కీలకం. కొద్ది నిమిషాల పాటు వైద్యుడే స్వయంగా ఇచ్చే సలహా వల్ల మద్యం మోతాదు కొంత తగ్గుతున్నట్లు అనేక దేశాల అధ్యయనాలు నిరూపించాయి. పొగాకు విషయంలోనూ ఇంతే. నోరు తెరిపించి లోపల తెల్లమచ్చలు, మానని పుండ్లు ఉన్నాయేమో చూడటానికి ఒక టార్చిలైటు చాలును.

మూటలు మోసి వచ్చిన హమాలీ రాత్రికి ఒళ్లు నొప్పులు తగ్గి నిద్ర పట్టడం కోసం తాగుతున్నానని చెప్పినపుడు అది సాకు మాత్రమే కాదు. ఆ నొప్పికి వేరే ఉపశమనం చూపకుండా మద్యం మానమనడం సగం వైద్యమే అవుతుంది.

పురుషులలో కుంగుబాటు ఏడుపు రూపంలో కాక, చిరాకు, కోపం, తలనొప్పి, నిద్రలేమి, అధిక మద్యపానం రూపంలో కనిపించడం కద్దు. అప్పులు ఉన్నాయా, బ్రతుకు మీద విసుగు కలుగుతున్నదా అని సూటిగా అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచన రేకెత్తుతుందన్న అపోహను వైద్యులు విడనాడాలి. అడిగితే భారం దిగుతుంది. పురుగుమందు ఇంట్లో చేతికి అందేచోట ఉన్నదా అని కూడా విచారించాలి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సహాయవాణి 14416 నంబరుపై తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఆ నంబరును గోడ మీద అంటించి ఊరుకోకుండా, అక్కడికక్కడే ఫోను కలిపి ఇచ్చినవారు మేలు చేసినవారవుతారు.

మంగలి షాపులో రక్తపోటు పరీక్ష

వైద్యం వేళలు మార్చడం ఒక మార్గమైతే, చోటు మార్చడం మరొక మార్గం. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో నల్లజాతి పురుషులలో అధిక రక్తపోటు వల్ల మరణాలు అధికంగా ఉండటం, వారు వైద్యుల వద్దకు రాకపోవడం గమనించి, డాక్టర్ రొనాల్డ్ విక్టర్ బృందం 52 క్షౌరశాలలలో ఒక ప్రయోగం చేపట్టినది. అధిక రక్తపోటు ఉన్న 319 మంది ఖాతాదారులు ఇందులో పాల్గొన్నారు. కొన్ని షాపులకు శిక్షణ పొందిన ఫార్మసిస్టు స్వయంగా వెళ్లి, వైద్యులతో కుదిరిన ఒప్పందం మేరకు అక్కడే మందులు నిర్ణయించారు. మిగిలిన షాపులలో వైద్యుని వద్దకు వెళ్లమని, అలవాట్లు మార్చుకోమని క్షురకుడు సలహా మాత్రమే ఇచ్చారు. ఆరు నెలలకు మొదటి వర్గంలో పై రక్తపోటు సగటున 27 పాయింట్లు తగ్గగా రెండవ వర్గంలో 9.3 పాయింట్లు తగ్గినది. ఈ ఫలితాలు 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి.

ఇందులో గ్రహించవలసిన విషయం ఒకటి ఉన్నది. షాపులో పరీక్ష చేసి “ఆసుపత్రికి వెళ్లు” అని చెప్పడం వల్ల కలిగిన లాభం కొద్దిపాటిదే. మందు కూడా అక్కడికే వచ్చినపుడు ఫలితం మూడింతలైనది. మన శిబిరాలలో ఎక్కువ భాగం మొదటి రకానివన్నది నిష్ఠుర సత్యం.

పొరుగున ఉన్న తమిళనాడు 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో ప్రారంభించిన మక్కళై తేడి మరుత్తువం పథకం కింద రక్తపోటు, మధుమేహం మందులను ఇంటి వద్దకే అందజేస్తున్నారు. 2024లో దీనిని కార్మికులు పనిచేసే చోటికి కూడా విస్తరించారు. మన వద్ద మార్కెట్ యార్డులు, చేపల రేవులు, ఇటుక బట్టీలు, ఆటో స్టాండులు, ఉపాధి పనులు జరిగే చోట్లు ఇందుకు తగినవి. వైద్యాధికారి నెలలో ఒక్క రోజు తెల్లవారుజామున ఆరు గంటలకు లేబర్ అడ్డాకు వెళ్లినచో, ఏడాది పొడవునా కేంద్రంలో కూర్చున్నా కనిపించని వారిని అక్కడ చూడగలుగుతారు.

వలస వెళ్లేవారి సమస్య వేరు. పాలమూరు కూలీలు, గుజరాత్ తీరంలోని వెరావల్‌కు వెళ్లే శ్రీకాకుళం మత్స్యకారులు, గల్ఫ్‌కు వెళ్లే కరీంనగర్, నిజామాబాద్ ప్రాంత కార్మికులు నెలలు, సంవత్సరాల తరబడి ఊరిలో ఉండరు. పదిహేను రోజుల మందులు ఇచ్చి మళ్లీ రమ్మనడం వీరికి వర్తించదు. బయలుదేరే ముందే తగినన్ని మందులు, చికిత్స వివరాలు వ్రాసిన చీటీ ఇవ్వాలి. పద్నాలుగు అంకెల ఆభా సంఖ్యతో ఆరోగ్య వివరాలు మరో రాష్ట్రంలో కూడా చూసే వీలు ఉన్నందున దానిని వీరికి ముందుగా కల్పించడం సముచితం. క్షయ రోగి మధ్యలో వలస వెళ్తే మందులు ఆగిపోవడమే కాక, మొండి క్షయగా మారే ప్రమాదం ఉన్నది. చికిత్స కాలంలో పోషకాహారానికి ఇచ్చే నెలసరి సహాయం 2024 నవంబర్ 1 నుంచి రూ.500 నుంచి రూ.1,000కి పెరిగినది. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతున్నదో లేదో ఒక మాట అడగడం కూడా వైద్యంలో భాగమే.

వైద్యుని సంతకం విలువ

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో కాల్టన్ అనే పేద పేటలో పుట్టిన మగబిడ్డ సగటు ఆయుర్దాయం, కొద్ది మైళ్ల దూరంలోని లెంజీలో పుట్టిన బిడ్డ కంటె 28 సంవత్సరాలు తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లో వెల్లడించినది. ఆ దేశంలో అత్యంత పేద ప్రాంతాలలో పనిచేసే వంద కేంద్రాల కుటుంబ వైద్యులు 2009 నుంచి ఒక బృందంగా ఏర్పడి, తమ రోగులకు మందులతో పాటు అప్పుల సలహా, ఇంటి వసతి, భృతి దరఖాస్తులు వంటి విషయాలలో తోడ్పడే ప్రత్యేక కార్యకర్తలను తమ క్లినిక్‌లలోనే నియమించాలని కోరి, కొంతవరకు సాధించుకున్నారు.

మన వద్ద ఈ తోడ్పాటు ఎక్కువగా వైద్యుని సంతకం రూపంలో ఉంటుంది. వికలాంగుల పింఛనుకు సదరం ధ్రువపత్రం, ప్రమాద పరిహారానికి గాయాల ధ్రువపత్రం, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి నుంచి సహాయానికి చికిత్స పత్రాలు అవసరం. పక్షవాతం వచ్చిన మేస్త్రీ ఒక చేయి కదలని స్థితిలో మూడు కార్యాలయాలు తిరగలేడు. ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితం కావాలో ఒక చీటీ మీద వ్రాసి ఇచ్చి, గ్రామ సచివాలయానికి ఒక ఫోను చేయగలిగితే ఆ కుటుంబానికి నెలలు కలిసివస్తాయి.

ఇవన్నీ ఒక్క వైద్యుడే చేయాలనడం న్యాయం కాదని వైద్యాధికారులు అంటే ఆ మాటలో నిజమున్నది. రద్దీ రోజులలో ఒక్కొక్క రోగికి రెండు నిమిషాలు కూడా దక్కవు. నివేదికలు, సమీక్షలు, వీడియో కాన్ఫరెన్సులు సరేసరి. తెల్లవారుజామున అడ్డాకు వెళ్లిన వైద్యుడు అదే రోజు సాయంత్రం వరకు కేంద్రంలో ఉండాలని ఆదేశించినచో ఆ ఏర్పాటు రెండు నెలలు కూడా సాగదు. ఆ పనిని అదనపు సేవగా కాక విధి సమయంగా లెక్కించవలసినది జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారులే. వృత్తి గడిని రిజిస్టరులో చేర్చడం, రానివారి పట్టిక తయారీ, నెల మందులు ఒకేసారి ఇవ్వడం వంటివి మాత్రం అదనపు నిధులు లేకుండానే సాధ్యం.

చివరిగా పాత్రికేయ మిత్రులకు ఒక విజ్ఞప్తి. మా శాఖ నుంచి గానీ, వైద్య ఆరోగ్య శాఖ నుంచి గానీ ఇకపై ఏదైనా వైద్య శిబిరంపై ప్రకటన అందినపుడు మొత్తం సంఖ్యతో సరిపెట్టుకోకుండా మరికొన్ని వివరాలు అడగగలరు: వచ్చినవారిలో 30 నుంచి 60 ఏళ్ల పురుషులు ఎందరు, శిబిరం ఏ వేళలో జరిగినది, రక్తపోటు ఉన్నట్లు కొత్తగా తేలినవారిలో మూడు నెలల తరువాత కూడా మందులు వాడుతున్నవారు ఎందరు. ఈ వివరాలు కేంద్రాల రిజిస్టర్లలో ఉండవలసినవే. లేనట్లయితే, లేవన్న సంగతి కూడా వార్తే.